చెంబు మోగితే బయటికే

మా గురునాథం బాబాయికి భయం. దేనికని అడగబాకండి. దేనికి భయం లేదో చెప్పడం తేలికేమోనని చానా రోజులు ఆలోచించా, అదీ దొరకలా. పిల్లి గోడ మీంచి దూకితే భయం, దూకకుండా అక్కడే కూర్చుంటే ఇంకా భయం. వాన పడితే గోడ నానుద్దని, ఎండ కాస్తే గోడ పగులుద్దని. ఎవరన్నా గట్టిగా తుమ్మితే ముందు వాళ్ల మొహం చూడడు, పైకప్పు చూస్తాడు. అన్నిటికంటే పెద్ద భయం మాత్రం ఆయన సొంత మేడంటేనే.

మాచర్ల పాత బజార్లో ఇత్తడి మేడ ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. బాబాయి వాళ్ల తాత నాపరాళ్లు, సున్నం పెట్టి కట్టించాడు. టేకు దూలాలు, వీధిలోకి పొడుచుకొచ్చిన సజ్జా, దాని కింద సున్నంతో చేసిన చిలకలు. చిలకలకి ఇప్పుడు ముక్కుల్లేవు. లోపలంతా ఒకటే పెద్ద హాలు, చెక్క అడ్డాలు పెట్టి నాలుగు కొట్లు చేశారు. బాబాయిది ఇత్తడి సామాన్ల కొట్టు, నాది గాజులు, రిబ్బన్ల ఫ్యాన్సీ షాపు, ఏలియాది సెల్‌ఫోన్ రిపేరు, మన్సూర్ అన్నది టైలరింగు. అందరికీ కలిపి వీధిలోకి ఒకటే సింహద్వారం.

పొద్దున్నే కొట్టు తీసేటప్పుడు జనం బాగున్నావా అని పలకరిస్తారు. మా బాబాయి పలకరింపు వేరు.

"రాజ్యలక్ష్మీ, ఈ మేడ ఏదో ఒకరోజు మన నెత్తిన పడుద్దమ్మా."

"పడితే పడుద్దిలే బాబాయ్. ముందు టీ తాగు."

"గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకో. సున్నం రాలుద్ది."

ఆయన కనిపెట్టిన విద్య ఒకటుంది. ప్రతి కొట్లో దూలానికి ఒక ఇత్తడి చెంబు వేలాడదీశాడు, దాని పక్కనే ఒక గంటె. దూలం కాస్త అదిరితే చాలు, గంటె వెళ్లి చెంబుకి తగిలి ఠంగుమంటుంది. నా కొట్లోకొచ్చిన ఆడాళ్లు గాజులు చూడటం మానేసి "ఆ చెంబెంతమ్మా?" అని అడుగుతారు. అది అమ్మేది కాదని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. "మరి ఎందుకు పెట్టారు?" అంటే ఏం చెప్పాల? మా చావు కబురు ముందుగా తెలియటానికి అని చెప్తే గాజులెవరు కొంటారు?

మా బజారు గుండా నాపరాళ్ల లారీలు పోతాయి. లారీ వచ్చిందంటే నాలుగు చెంబులూ ఒకేసారి మోగుతాయి. వెంటనే బాబాయి గొంతు.

"బయటికి! బయటికి రండి! అన్నీ వదిలెయ్యండి, బయటికి!"

ఆ కేకకి గుండెలున్నోడెవడూ లోపల కూర్చోలేడు. ఒకసారి మన్సూర్ అన్న ఒక లావుపాటాయన నడుం కొలుస్తున్నాడు. చెంబు మోగింది. టేపు అట్టా చుట్టి ఉండగానే ఇద్దరూ కలిసి బజార్లోకొచ్చి పడ్డారు. కొలత అక్కడే తీసి, అందరికీ వినపడేటట్టు చదివితే ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఏలియా అయితే విప్పిన ఫోను గుప్పిట్లో పెట్టుకుని పరిగెత్తేవాడు, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని బజారంతా స్క్రూలు వెతుక్కునేవాడు. నా బాధ ఎవరికి చెప్పుకోను? చేతికి నా గాజులేసుకుని బయటికి పరిగెత్తినోళ్లలో కొందరు మళ్లీ లోపలికి రానేలేదు.

అరిచినోడు అందరికంటే ముందు పరిగెత్తాలి గదా? ఆయన మాత్రం రెండు చేతులూ చాపి గుమ్మంలోనే బిగుసుకుపోయి నిలబడేవాడు. "భయానికి కాళ్లు రావట్లేదు పాపం" అని రోడ్డు మీద నిలబడి మేం నవ్వుకునేవాళ్లం.

ఇంత భయస్తుడికి ఆశ కూడా ఉందని పోయినేడు వానలయ్యాక తెలిసింది. అంతకుముందు సింహద్వారానికి ఎదురుగా ఉండే నడిమి కొట్టు మన్సూర్ అన్నది. గుమ్మంలోకి రాగానే కళ్లకి కనబడేది అదే. మన్సూర్ అన్నకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది, చంకకర్ర లేకుండా నడవలేడు. బాబాయి కొట్టేమో గుమ్మం పక్కన మూలన ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి వచ్చాడు.

"మన్సూరూ, నీ మిషను మూలకి మార్చు. నడిమి కొట్టు నాకు కావాల."

"ఏంది సెట్టిగారూ, ఉన్నపళంగా?"

"ఇత్తడి గుమ్మానికి ఎదురుగా ఉంటే కలిసొస్తుందని సిద్ధాంతి చెప్పాడు."

నాకు ఒళ్లు మండింది. "ఎంత ఆశ బాబాయ్ నీకు! కాలు బాగాలేని మనిషిని మూలకి నెట్టి బేరాలన్నీ నువ్వు లాక్కుంటావా? నీ సిద్ధాంతి ఎవరో నా ముందుకు తీసుకురా, వాడి సంగతి నేను చూస్తా!"

బాబాయి రెండడుగులు వెనక్కేశాడు. నేనంటే కూడా ఆయనకి భయమే. ఆ ఒక్క భయం మాత్రం సబబైందే.

"పోనీలే చెల్లెమ్మా, గుమ్మం దగ్గరైతే నాకు నడక తగ్గుద్దిగా" అని మన్సూర్ అన్నే సర్దిచెప్పాడు. కానీ ఆ రోజు నుంచి నేను బాబాయికి టీ తెప్పించడం మానేశా. చానా రోజులు మానేశా.

ఈ ఏడు మున్సిపాలిటీ వాళ్లు మేడ గోడకి నోటీసు అంటించిపోయారు. భవనం శిథిలమైంది, బాగైనా చేయించండి, లేకపోతే కూల్చేస్తాం అని దాని సారాంశం. నిజం చెప్పొద్దూ, చెంబులకి నవ్వేవాళ్లం గానీ ఆ కాయితం చూశాక మాకెవరికీ నవ్వు రాలా. కూలిస్తే అక్కడ కొత్త కాంప్లెక్సు లేస్తుంది. ఆ అద్దెలకి మా ముగ్గురి సంపాదన కలిపినా చాలదు. నేనంటే ఏ సందులోనో దూరతా. మెట్లెక్కలేని మన్సూర్ అన్నకి ఈ బజార్లో కింద కొట్టు ఎవరిస్తారు?

దారి ఏలియాయే పట్టుకొచ్చాడు. వాడి ఫోన్లో ప్రపంచం మొత్తం ఉంటుంది గదా. "అక్కా, పాత బజార్లలో పాతకాలం వ్యాపార భవనాలు బాగుచేసుకుంటే ప్రభుత్వం ఖర్చులో సగం ఇస్తుందంట. పని అయ్యేకొద్దీ చూసి, విడతలవారీగా ఇస్తారంట. ముందువైపు పాత అందం చెడకూడదు, కొట్లు నడుస్తూ ఉండాల. అంతే!"

"ఎట్టాంటి భవనాలకిస్తారు?"

"గట్టిగా ఉన్నవాటికి ఇవ్వరు, అవసరం లేదంటారు. పూర్తిగా పాడైనవాటికీ ఇవ్వరు, కూల్చెయ్యమంటారు."

"అంటే జబ్బుండాల, చావకూడదు."

"అదే అక్కా! అచ్చం మన మేడే!"

ఎగురుకుంటా బాబాయి దగ్గరికి పోయాం. పథకం మాట వినగానే ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది.

"గవర్నమెంటు డబ్బులా? వద్దమ్మా. ఊరికే ఎందుకిస్తారు? నాకు భయం."

"ఊరికే కాదు బాబాయ్, సగం నువ్వు పెట్టుకోవాల."

"అయితే ఇంకా భయం."

"సంతకం పెడితే చాలు!"

"సంతకమా!" అని గల్లాపెట్టె మీద చేతులు రెండూ పెట్టి మూసేశాడు. "ఇంజినీరొచ్చి సుత్తితో కొట్టి చూస్తారంట గదా. కొడితే? పడితే?"

"నువ్వు సంతకం పెట్టకపోతే వాళ్లే పడగొడతారు! అది భయం లేదా నీకు?"

"అదీ భయమే" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏం మనిషో అనుకున్నా. చివరికి ముందు ఇంజినీరు చూసిపోతే సంతకం సంగతి తర్వాత చూద్దామని ఒప్పించాం. నోటీసు గడువు దగ్గరపడుతోంది, మాకు అన్నం సయించట్లేదు.

ఇంజినీరు వస్తున్నారని కబురు రాగానే నేనూ ఏలియా ఒక ఘనకార్యం చేశాం. పెళ్లిచూపులకి పిల్లని ముస్తాబు చెయ్యకుండా చూపిస్తామా? ఇద్దరం కలిసి మేడకి ముస్తాబు చేశాం. పగుళ్లన్నీ లప్పం పెట్టి మూసేశాం, రంగేశాం, దూలాలకి నూనె రాశాం, గుమ్మానికి మామిడాకులు కట్టాం. మన్సూర్ అన్న కొత్త కర్టెన్లు కుట్టిచ్చాడు. బాబాయి మాత్రం మా వెనకాలే తిరుగుతూ "ఆ పగులు మూయబాకండమ్మా, అది నాకు కనబడాల" అని నస పెట్టాడు. "నువ్వు కాస్త కూర్చో బాబాయ్" అని కసిరి కూర్చోబెట్టా.

ఇంజినీరంటే మీసాలాయన ఎవరో వస్తాడనుకుంటే, తలకి హెల్మెట్టు పెట్టుకుని హరిత అనే పిల్ల దిగింది. హాలంతా తిరిగింది, పైకి చూసింది, గోడలు తడిమింది.

"బాగుందండీ భవనం. చక్కగా చూసుకుంటున్నారు."

"హమ్మయ్య" అన్నా.

"దీనికి మా పథకం అవసరం లేదు. నివేదికలో అట్లాగే రాస్తాను."

నేను అడ్డం పడ్డా. "అయ్యో, లేదమ్మా! చానా అధ్వానంగా ఉందమ్మా మా మేడ! నా పిల్లల మీద ఒట్టు!"

"పైకి కనబడదు గానీ లోపలంతా కుళ్లిపోయింది మేడం!" అని ఏలియా స్క్రూడ్రైవరు తీసుకుని వాడేసిన రంగు వాడే గీకడం మొదలుపెట్టాడు. "ఇదిగో పగులు! ఇక్కడ ఇంకోటి ఉండాల, ఎక్కడ మూశానబ్బా..."

"మామిడాకులెందుకు కట్టారు మరి?" అంది ఆ పిల్ల.

"బుద్ధి గడ్డి తిని!" అన్నా.

హరిత నవ్వాపుకుంటూ పైకి చూసి "ఈ చెంబులేంటి?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే నడిమి కొట్లో చెంబు ఠంగుమంది.

అలవాటుకొద్దీ అందరం రోడ్డు వైపు చూశాం. రోడ్డు మీద లారీ లేదు. ఆటో కూడా లేదు. ఒక ఆవు నిలబడుంది, అంతే. చెంబు మళ్లీ మోగింది. మిగతా మూడూ కదల్లేదు, అదొక్కటే.

ఇన్నేళ్లలో మొదటిసారి బాబాయి అరవలా. నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు "బయటికి పోదాం పదండమ్మా" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు నిజంగా భయమేసింది. ఎట్టా పరిగెత్తానో తెలియదు, హరిత చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకొచ్చి పడ్డా. మన్సూర్ అన్న కొట్టు గుమ్మం పక్కనే గాబట్టి మాకంటే ముందే బయటున్నాడు. నా వెనకాలే ఏలియా. వెనక్కి తిరిగి చూస్తే బాబాయి గుమ్మంలో నిలబడి లోపల ఇంకెవరన్నా ఉన్నారా అని చెక్క అడ్డాల వెనక తొంగి తొంగి చూస్తున్నాడు.

"రావయ్యా బాబూ!" అని గొంతు చించుకున్నా.

లోపల పెద్ద చప్పుడు. సింహద్వారంలోంచి తెల్లటి దుమ్ము బజార్లోకి తన్నుకొచ్చింది. బాబాయి కనబడలా.

"బాబాయ్! బాబాయ్!"

దుమ్ములోంచి దగ్గు వినపడింది. ఆ తర్వాత మాట.

"అందరూ ఉన్నారా?"

మనిషి నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా సున్నం బొమ్మైపోయాడు గానీ ఎక్కడా దెబ్బ తగల్లేదు. నాకు ఏడుపాగలా. ఆయన మొహం నా కొంగుతోనే తుడిచా.

దుమ్ము అణిగాక హరిత మమ్మల్ని అక్కడే ఉండమని, టార్చీ సుత్తీ తీసుకుని లోపలికి పోయింది. చానాసేపటికి బయటికొచ్చింది. పైకప్పు ఒక చోట పెళ్లలు ఊడి సరిగ్గా బాబాయి గల్లాపెట్టె మీద, ఆయన కూర్చునే పరుపు మీద పడ్డాయంట.

"నడిమి దూలం గోడలో దూరే చోట చెదలు తినేసింది. మీరేసిన లప్పం వెనక దాక్కుంది. మిగతాదంతా నిలబెట్టొచ్చు, పథకం వర్తిస్తుంది. గుమ్మం పక్క మూల ఉంది చూశారూ, టైలర్ గారి కొట్టు, రెండు రాతిగోడలు కలిసే చోటు. మేడ మొత్తం పడినా ఆ మూల పడదు. పైగా గుమ్మానికి ఒక్క అంగ." ఆగి మా అందరినీ చూసింది. "ఎవరు ఎక్కడ కూర్చోవాలో సర్దింది ఎవరు?"

మన్సూర్ అన్న చంకకర్ర మీద వాలి బాబాయి వైపే చూస్తున్నాడు. బాబాయి ముక్కుల్లేని చిలకల వైపు చూస్తున్నాడు.

"సెట్టిగారూ, సిద్ధాంతి చెప్పాడన్నారు గదా?" అన్నాడు మన్సూర్ అన్న.

"చెప్పే ఉంటాడు. ఎవరో ఒక సిద్ధాంతి" అని గొణిగాడు బాబాయి.

నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "ఆ దూలం బాగలేదని తెలుసు! తెలిసి తెలిసి దాని కింద కూర్చున్నావు! మాకు చెప్పి ఏడవచ్చుగా బాబాయ్? నీకసలు భయం లేదా?"

"భయం లేకపోవడమేందమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. "పోయినేడు వానల్లో దాని మూలుగు విన్నా. అప్పటినుంచి ఆ దూలం కింద ఎవరు కూర్చున్నా నాకు భయం. నేను కూర్చుంటే కాస్త తక్కువ భయం. అంతే. పైకి చెప్తే ఆ మాట ఆఫీసు దాకా పోద్ది, ఖాళీ చెయ్యమంటారు. ఖాళీ చేస్తే మీరేడికి పోతారు? దాని కోసమే సంతకమంటే కూడా నాకు..."

"భయం" అన్నాం ముగ్గురం ఒకేసారి.

హరిత ఒప్పందం కాయితం తీసి, పని జరిగినన్నాళ్లూ కొట్లు ముందు వీధిలో పెట్టుకోవచ్చనీ, పనయ్యాక పాత అద్దెదారులే పాత అద్దెకే లోపలికి రావాలనీ, ఆ మాట తప్పితే డబ్బు వెనక్కి కట్టాలనీ చదివి వినిపించింది. బాబాయి మళ్లీ చదవమన్నాడు. చదివింది. మళ్లీ చదవమన్నాడు. ఆ తర్వాత రోడ్డు మధ్యలో, ఏలియా బండి సీటు మీద కాయితం పెట్టి సంతకం చేశాడు. ఆవు అక్కడే నిలబడి చూసింది.

పని జరిగినన్నాళ్లూ టార్పాలిన్ పట్టాల కింద కొట్లు పెట్టుకున్నాం. నెత్తిన మేడ లేదు గదా, ఇక బాబాయి నిశ్చింతగా ఉంటాడనుకున్నాం. మొదటిరోజే ఆకాశం వైపు చూసి "పిడుగు పడితే?" అన్నాడు. మేస్త్రులు జాకీలు పెట్టి కప్పు లేపారు, చెదపట్టిన దూలం తీసి కొత్తది ఎక్కించారు, గానుగ సున్నంతో గోడలు పూశారు. ఒక్కో విడత పని చూసి హరిత ఒక్కో విడత డబ్బు రాయించింది. నేను మళ్లీ బాబాయికి రోజూ టీ తెప్పించా, అదీ అల్లం వేయించి.

మళ్లీ లోపలికి మారిన రోజు హరిత వచ్చి అంతా తిరిగి చూసింది. "ఇంక నిశ్చింతగా ఉండండి. ఒక్క సజ్జా మాత్రం మిగిలింది. చిలకలు చెడకుండా చెయ్యాలంటే దానికి వేరే మేస్త్రి రావాలి, ఆ డబ్బు చివరి విడతలో వస్తుంది. అప్పటిదాకా సజ్జా కింద ఎవరూ నిలబడొద్దు" అని గుమ్మానికి అటూ ఇటూ తాడు కట్టించి పోయింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు తీద్దామని వచ్చి చూద్దును గదా, తాడు లోపల, సజ్జా కింద, పరుపేసుకుని, గల్లాపెట్టె ముందు పెట్టుకుని గురునాథం బాబాయి కూర్చునున్నాడు. నెత్తి మీద సజ్జాకి కొత్త చెంబు వేలాడుతోంది.

"ఏంది బాబాయ్ ఇది!"

"తాడు కట్టింది గానీ ఎవరన్నా మర్చిపోయి నిలబడతారేమోనమ్మా. ఎవరో ఒకరు కూర్చునుంటే ఇంకొకరు రారు గదా."

నేను నోరు తెరిచేలోపే నాపరాళ్ల లారీ వచ్చింది. లోపలి చెంబులు నాలుగూ గమ్మునున్నాయి, కొత్త దూలం అంత గట్టిది. సజ్జా చెంబొక్కటే ఠంగుమంది. అలవాటైన ప్రాణాలు గదా, మన్సూర్ అన్నా ఏలియా లోపల్నుంచి బయటికి పరిగెత్తబోయారు.

"బయటికి కాదు! లోపలికి!" అని బాబాయి చేతులు చాపి అరిచాడు. "లోపలికి పోండి! అన్నీ వదిలెయ్యండి, లోపలికి!"

ఈసారి మేం వినలా. ఒక రెక్క నేను, ఒక రెక్క ఏలియా పట్టుకుని అందరికంటే ముందు ఆయన్నే గుమ్మంలోకి లాగాం. వెనకనుంచి మన్సూర్ అన్న గుమ్మం పట్టుకుని నిలబడి చంకకర్రతో వీపు మీద పొడుస్తున్నాడు.

"మెల్లగా! మెల్లగా లాగండమ్మా! చొక్కా చిరుగుద్దని భయంగా ఉంది!"

"చిరిగితే నేను కుడతా గానీ, నువ్వు ముందు లోపలికి పద సెట్టీ" అన్నాడు మన్సూర్ అన్న.